‘కాదు’ అనలేని తమ్ముడు: ఒక పాస్టర్ రాసుకున్న కేసు

డిసెంబర్ 31 రాత్రి ఆరాధన అయ్యాక మా సంఘంలో కుటుంబానికొక వాగ్దాన కార్డు ఇస్తాం. హైదరాబాద్‌లో చాలా సంఘాల్లో ఉన్న అలవాటే. కార్డు మీద ఒక వాక్యం, కింద సంఘం పేరు, కొత్త సంవత్సరం అంకె. ఇంటికి తీసుకెళ్ళి ఫ్రిజ్‌కో బీరువాకో అంటించుకుంటారు. పోయినేడాది జనవరి మొదటి వారంలో ఒక చెల్లెమ్మ ఆ కార్డు తిరిగి తెచ్చి నా బల్ల మీద పెట్టింది.

“ఇది మీ దగ్గరే ఉంచండి అయ్యగారూ. మా ఇంట్లో వాగ్దానాలకు కొదవ లేదు” అంది.

నవ్వాలో వద్దో తెలియలేదు. ఆమె మాత్రం నవ్వలేదు.

ఈ కేసు రాయడానికి ఆ భార్యాభర్తలిద్దరూ ఒప్పుకున్నారు. రాసింది చదివి రెండు చోట్ల దిద్దారు కూడా. గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను. నేను మల్కాజిగిరిలో ఒక చిన్న సంఘానికి పాస్టర్‌ని. కౌన్సెలింగ్‌లో ఒక ఏడాది కోర్సు చేశాను, మిగతాదంతా శనివారం సాయంత్రాలు జనంతో కూర్చుని నేర్చుకున్నదే. నాలాగే కూర్చునే తోటి పాస్టర్లకు, పెద్దలకు పనికొస్తుందేమోనని రాస్తున్నాను.

మనిషి

ఆ చెల్లెమ్మ భర్తకు 42 ఏళ్ళు. వడ్రంగి. విజిటింగ్ కార్డు మీద ఇంటీరియర్స్ అని వేసుకున్నాడు గానీ సంఘంలో అందరికీ వడ్రంగి తమ్ముడే. చేతికింద ముగ్గురు పనిచేస్తారు. పనిలో వంక పెట్టలేం. మా మందిరంలో ప్రసంగ వేదిక ఆయన చేసిందే. తొమ్మిదేళ్ళయినా ఒక్క లామినేట్ అంచు లేవలేదు. తాగడు, పేకాట లేదు, ఎవరి సొమ్మూ ఎత్తుకుపోయే రకం కాదు. ఆదివారం అందరికంటే ముందొచ్చి కుర్చీలు వేస్తాడు. సంఘ కమిటీలో ఉన్నాడు.

అంటే, మనం క్యారెక్టర్ అన్నప్పుడు చూసుకునే వాటన్నిటిలో పాసైన మనిషి. మన సంఘాల్లో ఒకరి సాక్ష్యం చెడిందంటే తాగుడో, ఆడవాళ్ళ గొడవో, డబ్బు కాజేయడమో అనుకుంటాం. మాట తప్పడం ఆ లిస్టులో ఉండదు. దాన్ని ‘బిజీ’ అంటాం.

మూడు మాటలు

భార్య చెప్పినవి చాలా ఉన్నాయి. మూడు రాస్తాను.

సైనిక్‌పురిలో ఒక పెద్దావిడ, రిటైరైన స్టాఫ్ నర్సు. మా సంఘం కాదు గానీ విశ్వాసే. విశ్వాసుల అబ్బాయి కదా, మాట మీద నిలబడతాడని వెతుక్కుని మరీ ఈయనకు కిచెన్ పని ఇచ్చింది. కూతురి ప్రధానం, అంటే నిశ్చితార్థం, నవంబర్‌లో. లక్షా ఇరవై వేలు అడ్వాన్స్ తీసుకుని “ప్రధానానికి వారం ముందే అప్పజెప్పేస్తా, పక్కా అమ్మా” అన్నాడు. ఆ రోజుకు ఫ్రేములు నిలబడ్డాయి, షట్టర్లు లేవు. మగపెళ్ళివారికి గిన్నెలు కనబడకుండా ఆవిడ వంటగట్టు కింద పాత చీర అడ్డంగా కట్టింది.

రెండోది మందిరం స్లాబు. దానికోసం ప్రత్యేక కూడిక పెట్టి వేరే ఊరి నుంచి ప్రసంగీకుణ్ణి పిలిచాం. “యాభై వేలు ఇచ్చేవాళ్ళు చేతులెత్తండి” అని ఆయన అడిగినప్పుడు తమ్ముడి చెయ్యి లేచింది. అప్పటికి ఇంట్లో పిల్లాడి ఫీజు కట్టలేదు. స్త్రీల వైపు కూర్చున్న భార్య ఆ లేచిన చెయ్యి చూసింది. ఏడాది దాటినా పైసా రాలేదు. ఇందులో నా వాటా కూడా ఉంది, ఆ సంగతి తర్వాత చెప్తాను.

మూడోది కొడుకు. పదో తరగతి. స్కూల్లో పేరెంట్స్ మీటింగ్‌కి వస్తానని మూడుసార్లు చెప్పి రాలేదు. నాలుగోసారి “ఈసారి గాడ్ ప్రామిస్ రా” అన్నాడట. పిల్లాడు పుస్తకంలోంచి తలెత్తకుండానే “మధ్యలో దేవుణ్ణెందుకు ఇరికిస్తావు డాడీ” అన్నాడట. ఆ మాట విన్నాకే ఆ చెల్లెమ్మ కార్డు పట్టుకుని నా దగ్గరికి వచ్చింది.

మొదటి శనివారం

ఐదింటికి రమ్మన్నాను. ఐదున్నరకు ఫోన్ చేస్తే “తార్నాక సిగ్నల్ దగ్గరున్నా అయ్యగారూ, పది నిమిషాలు” అన్నాడు. వెనకాల కటింగ్ మిషన్ రయ్యిమంటోంది. తార్నాక సిగ్నల్ దగ్గర ప్లైవుడ్ ఎవరు కోస్తారు? ఏడుంబావుకు వచ్చాడు. చెవి వెనక పెన్సిల్, మోచేతుల దాకా రంపపు పొట్టు.

“ఫోన్లో అలా ఎందుకు చెప్పావు?” అనడిగాను.

“మీరు ఎదురుచూస్తున్నారు కదా. ఇంకా పని కాడే ఉన్నానంటే బాధపడతారని.”

కపటం ఏమీ లేదు. నిజంగానే నా మీద జాలితో చెప్పిన అబద్ధం అది. మాట తప్పేవాడంటే మోసగాడని ఒక బొమ్మ గీసుకుని కూర్చున్నాను నేను. ఈ మనిషి ఆ బొమ్మకు సరిపోలేదు.

ఈ ఊళ్ళో మనకిది కొత్తేం కాదు. ‘దారిలో ఉన్నా’ అంటే ఇంకా స్నానం కాలేదని అర్థం. హైదరాబాదీ ఉర్దూలో ‘పర్సోం’ అంటే మొన్న కావచ్చు, మూడేళ్ళ కిందట కావచ్చు. ‘పక్కా’ అయితే ఎంత అరిగిపోయిందంటే, నిజంగా అయ్యే పనికి ఎవరూ ఆ మాట వాడరు. అందరం జోకులేసుకుని సర్దుకుపోతాం. ఆ జోకుకు బిల్లు ఎక్కడో ఒక వంటింట్లో ఎవరో కడుతుంటారు.

నా పొరపాటు

ఆ రోజు నేను చేసిన పని చెప్తాను, మీరు చేయకండి. కాగితం ఇచ్చి, ఎవరెవరికి ఏమేం బాకీ ఉన్నావో రాసి, పక్కన ఎప్పటికి తీరుస్తావో తేదీ వెయ్యమన్నాను. అరగంటలో పద్నాలుగు రాశాడు. అన్నిటికీ తేదీలు. రాసేటప్పుడు ముఖం వెలిగిపోతోంది. నాకూ సంతోషమేసింది, ఒక్క సిట్టింగ్‌లో దారికొచ్చాడని. “బైబిల్ మీద ఒట్టు అయ్యగారూ, ఈస్టర్‌లోపు అన్నీ క్లియర్” అని ప్రార్థన చేయించుకుని వెళ్ళాడు.

మరుసటి శనివారం రాలేదు. ఫోన్ స్విచాఫ్.

అప్పుడు తలకెక్కింది. పద్నాలుగు తప్పిన మాటల మీద ఇంకో పద్నాలుగు మాటలు నేనే ఇప్పించాను. నన్నూ ఒక కస్టమర్‌లాగే చూశాడు, నేనూ కస్టమర్‌లాగే ప్రవర్తించాను: ఒక తేదీ చేతిలో పడగానే తృప్తిపడి పోయాను.

తర్వాత సారి ఆ ఒట్టు దగ్గరే మొదలుపెట్టాను. మత్తయి 5వ అధ్యాయం తీశాం. యేసు కాలంలో ఆకాశం తోడు, భూమి తోడు, యెరూషలేము తోడు, నా తల తోడు అని ఒట్లు వేసేవాళ్ళు. 23వ అధ్యాయంలో ఇంకా విచిత్రం: దేవాలయం తోడంటే ఏమీ లేదు, దేవాలయపు బంగారం తోడంటేనే కట్టుబడాలని పరిసయ్యుల లెక్క. ఒట్టుకు గ్రేడులన్నమాట. మనకూ ఉన్నాయి. ఉత్తమాట, పక్కా, అమ్మతోడు, గాడ్ ప్రామిస్, చివరికి బైబిల్ మీద ఒట్టు. పై గ్రేడు ఉందంటే కింది గ్రేడు మాట చెల్లదని మనమే ఒప్పుకున్నట్టు. “మీ మాట అవునంటే అవును, కాదంటే కాదు అని యుండవలెను” అన్నప్పుడు ఆయన ఆ గ్రేడులన్నీ కొట్టేశాడు.

దీన్ని అక్షరాలా పట్టుకుని కోర్టులో కూడా ఒట్టు వేయని క్రైస్తవులు ఉన్నారని చెప్పాను. 1527లో స్విట్జర్లాండ్ అనాబాప్టిస్టులు (పసిపిల్లల బాప్తిస్మం ఒప్పుకోని క్రైస్తవులు) ష్లైట్‌హైమ్‌లో రాసుకున్న విశ్వాస ప్రకటనలో ఒట్టు వేయకపోవడం ఒక అంశం. ఆ పరంపరలోని మెన్నోనైట్ బ్రదరెన్ మిషనరీలు అమెరికా నుంచి 1899లో నిజాం రాజ్యానికి వచ్చారు. శంషాబాద్‌లో వాళ్ళ బైబిల్ కాలేజీ ఇప్పటికీ ఉంది. మన దేశంలో 1969 నాటి ప్రమాణాల చట్టం కూడా, ఒట్టు వద్దనుకునే సాక్షి దేవుడి పేరెత్తకుండా నిజమే చెబుతానని మాట ఇస్తే చాలంటుంది.

తమ్ముడు చాలా శ్రద్ధగా విన్నాడు. “అయితే ఇక జన్మలో ఒట్టు వెయ్యను అయ్యగారూ. ఒట్టు” అన్నాడు.

ఇద్దరం ఒకేసారి పడీపడీ నవ్వాం. నిజం చెప్పాలంటే మా కౌన్సెలింగ్ అక్కడి నుంచే మొదలైంది.

డబ్బు లెక్క

మూడోసారి ప్రసంగాలు మానేసి లెక్కలు అడిగాను. ఈ భాగం పాస్టర్లు దాటేస్తారు. దాటేస్తే కేసు అర్థం కాదు.

నర్సమ్మ ఇచ్చిన లక్షా ఇరవై వేలు ఆమె కిచెన్‌కు పోలేదు. కొంపల్లిలో అంతకుముందు ఒప్పుకున్న రెండు వార్డ్‌రోబ్‌ల ప్లైవుడ్‌కు పోయింది. కొంపల్లి వాళ్ళ అడ్వాన్సేమో అంతకుముందు అల్వాల్ పనికి, పనివాళ్ళ కూలికి, రాణిగంజ్‌లో హార్డ్‌వేర్ షాపు బాకీకి పోయింది. ఇప్పుడు నర్సమ్మ షట్టర్లు కొనాలంటే ఇంకో కొత్త కస్టమర్ దొరకాలి. ఆ కస్టమర్ అడ్వాన్స్ ఇవ్వాలంటే దగ్గర్లో ఒక తేదీ చెప్పాలి. ఆ తేదీ తప్పుతుందని చెప్పేటప్పుడే తెలుసు. వీళ్ళది తీసి వాళ్ళకు పెట్టడం ఆరేళ్ళుగా నడుస్తోంది. అంటే ఆయనకు ‘అవును’ అనడం మర్యాద మాత్రమే కాదు, అప్పు తీసుకోవడం. ప్రతి ‘పక్కా’ ఒక చేబదులు.

లూకా 14లో గోపురం కట్టాలనుకున్నవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకోడా అని యేసు అడుగుతాడు. తమ్ముడికి లెక్క రాక కాదు. టేపు పెట్టి మిల్లీమీటర్ తేడా లేకుండా కొలుస్తాడు. కూర్చోడమే లేదు. నిలబడ్డచోటే, ఎదుటివాడి ముఖం చూస్తూ, అవునంటాడు.

(యేసు కూడా వడ్రంగే కదా తమ్ముడూ అని నోటిదాకా వచ్చింది. వడ్రంగులు ఆ మాట పాస్టర్ల నోట ఎన్నిసార్లు వినుంటారో గుర్తొచ్చి మింగేశాను.)

నోట్‌బుక్

చిన్న జేబు నోట్‌బుక్ ఇచ్చాను. కొత్త మాటలేవీ ఇవ్వొద్దని చెప్పలేదు. ఎప్పటిలాగే ఉండు, కాకపోతే ‘చేస్తా, వస్తా, ఇస్తా’ అన్న ప్రతిసారీ రాసుకో, అనేటప్పుడే కుదరదని తెలిస్తే పక్కన ఒక చుక్క పెట్టు అన్నాను. సోమవారం నుంచి శనివారం దాకా 31 మాటలు. 19 చుక్కలు. చుక్కలు లెక్కపెట్టి నాకు చూపించేటప్పుడు ఆయన చెవులు ఎర్రబడ్డాయి. మాట తప్పడం తర్వాతెప్పుడో, పని ఒత్తిడిలో జరుగుతుందని ఆయనా నేనూ అనుకున్నాం. కాదు. చాలావరకు మాట ఇస్తున్న క్షణంలోనే తప్పిపోతోంది. తర్వాతిదంతా ఆ వార్త ఎదుటివాడికి ఆలస్యంగా చేరడమే.

ఆఖరి పేజీ తిప్పితే వేరే లిస్టు కనబడింది. ఇతరులు తనకిచ్చిన మాటలు కూడా సరదాకు రాసుకున్నాడు. మూడో లైను: ‘అయ్యగారు శుక్రవారం రాత్రి ఫోన్ చేస్తానన్నారు’. దాని పక్కన టిక్కు లేదు. నేను చెయ్యలేదు. మర్చిపోయాను. నేను ఆ లైను చూస్తున్నానని గమనించి ఆయనే “మీరు బిజీగా ఉంటారు కదా అయ్యగారూ” అన్నాడు. సర్దిచెప్పింది నాకు. ఆ వారం నేనూ ఒక నోట్‌బుక్ కొనుక్కున్నాను. అందులో ఎక్కువసార్లు వచ్చిన మాట ‘ప్రార్థన చేస్తానమ్మా’. ఎన్ని చుక్కలో ఇక్కడ రాయను.

ఆ తర్వాత ‘కాదు’ అనడం ప్రాక్టీస్ చేయించాను. చెబితే నవ్వులాటగా ఉంటుంది. నేను కస్టమర్‌ని, ఉగాదికి టీవీ యూనిట్ కావాలి, అడ్వాన్స్ చేతిలో పట్టుకుని నిలబడ్డాను. ఆయన పని కుదరదని చెప్పాలి, అంతే. “చూద్దాం సార్” అన్నాడు. మళ్ళీ. “ట్రై చేస్తా.” మళ్ళీ. “అయితది లే సార్, ఏముంది.” నాలుగోసారి, “ప్రార్థన చేయండి సార్.” ఐదోసారి, “దేవుని చిత్తమైతే చేసేద్దాం.” నుదుటి మీద చెమట. ఫ్యాన్ తిరుగుతూనే ఉంది.

ఆఖరి రెండూ చూడండి. యాకోబు 4లో ‘ప్రభువు చిత్తమైతే’ అనమన్నది రేపు మన చేతిలో లేదని ఒప్పుకోవడానికి. మన దగ్గర అది రానని చెప్పే పద్ధతి అయి కూర్చుంది. శుభలేఖ ఇస్తే ‘దేవుని చిత్తమైతే వస్తాం’ అన్నామంటే ఇచ్చినవాళ్ళు ఆ ప్లేటు తీసేస్తారు. ‘కాదు’ అనే మొరటు మాట మన నోటితో చెప్పలేక దేవుడి నోట్లో పెడుతున్నాం. అవును–కాదు వాక్యం మీద నేనే పదిసార్లైనా ప్రసంగించి ఉంటాను. పదిసార్లూ ‘అవును’ గురించే మాట్లాడాను. ‘కాదంటే కాదు’ అన్న సగం మీద ఒక్క పాయింట్ కూడా లేదు. వద్దనడానికి హైదరాబాద్ వాళ్ళకు నోటినిండా ‘నక్కో’ అనే మంచి మాట ఉండి కూడా.

ఎందుకంత భయమని అడిగితే చాలాసేపు టేపు లాగుతూ వదులుతూ కూర్చున్నాడు. తర్వాత చెప్పాడు. నల్గొండ దగ్గర పల్లె. తండ్రి అప్పులు చేసేవాడు. అప్పులవాళ్ళు వస్తే తండ్రి వెనకింట్లో ఉండి, ఎనిమిదేళ్ళ ఈయన్ని గుమ్మంలో నిలబెట్టేవాడు. “నాయన లేడు, రేపు రమ్మన్నడు” అని చెప్పాలి. ‘లేదు పో’ అని ఒకసారి అన్నందుకు వచ్చినవాడు చెంప మీద కొట్టాడు. ‘రేపు’ అంటే మాత్రం తిట్టుకుంటూ వెళ్ళిపోయేవాళ్ళు.

“ముప్పై ఏళ్ళుగా ఆ గుమ్మంలోనే ఉన్నట్టున్నా అయ్యగారూ” అన్నాడు. దీనికి నేను వాక్యమేమీ చెప్పలేదు. టీ తెప్పించాను.

వెనక్కి వెళ్ళి చెప్పడం

కారణం తెలిసింది కదా అని పని అయిపోదు. కొంతమంది కౌన్సెలర్లు ఇక్కడే కన్నీళ్ళతో ముగిస్తారు. నర్సమ్మ వంటింటికి ఇంకా షట్టర్లు లేవు.

తమ్ముడు మొదట ఒప్పుకోలేదు. “దేవుడి దగ్గర ఒప్పుకున్నా అయ్యగారూ, క్షమించేశాడు” అన్నాడు. దేవుడు క్షమించాడు సరే, అడ్వాన్స్ ఇచ్చింది ఎవరు? మత్తయి 5లోనే, ఒట్టు సంగతికి పది వాక్యాల ముందు, బలిపీఠం దగ్గర కానుక వదిలిపెట్టి వెళ్ళి ముందు సహోదరుడితో సమాధానపడమని ఉంది. సామెతలు 6 ఇంకా సూటిగా ఉంటుంది. పొరుగువాడి కోసం పూచీ ఉండి నీ నోటిమాటలకే చిక్కుకున్నావా, వెళ్ళు, తగ్గించుకుని బతిమాలుకో, ఆ పని అయ్యేదాకా కంటికి నిద్ర రానియ్యకు అంటుంది. వెళ్ళు అన్న క్రియాపదం ముఖ్యం. మెసేజ్ పెట్టు అని లేదు.

నేను తోడు వెళ్ళాను. నర్సమ్మ తలుపు తీసి, మమ్మల్ని చూసి, మంచినీళ్ళిచ్చి కూర్చోబెట్టింది. తమ్ముడు ఉన్నదున్నట్టు చెప్పాడు: మీ డబ్బు వేరే పనికి వాడాను, ప్రధానానికి అవదని అక్టోబర్‌లోనే తెలుసు, అయినా చెప్పలేదు. ఆవిడ కోప్పడితే బాగుండేది. మెల్లగా అంది: “పని కానందుకు కాదు బాబూ. అక్టోబర్‌లో చెప్పుంటే ఇంకో వడ్రంగిని పెట్టుకునేదాన్ని. లేకపోతే ప్రధానం చర్చి హాల్లో పెట్టుకునేదాన్ని. నాకు ఏదో ఒకటి చేసుకునే టైమ్ లేకుండా చేశావు.”

నా పదిహేడేళ్ళ పాస్టర్ జీవితంలో అబద్ధపు ‘అవును’ చేసే నష్టాన్ని ఇంత స్పష్టంగా ఎవరూ చెప్పలేదు. అది ఎదుటివాడు తన ఏర్పాటు తాను చేసుకునే వీలును కాజేస్తుంది. దొంగతనం కింద మనం లెక్కవేయని దొంగతనం.

ఆ కిచెన్ ఏప్రిల్ నెలాఖరుకు పూర్తయింది. కొత్త అడ్వాన్స్ తీసుకోకుండా చేయాలని షరతు పెట్టుకున్నాడు కాబట్టి పాత స్కూటర్ అమ్మాడు, రెండు నెలలు బస్సుల్లో తిరిగాడు. 15వ కీర్తనలో “ప్రమాణము చేయగా నష్టము కలిగినను మాట తప్పడు” అని ఉన్నదాన్ని ఆ రెండు నెలలూ చూశాను. నష్టం అనే మాట అక్కడ ఊరికే పెట్టలేదు. మధ్యలో ఒక పనివాడికి డెంగీ వచ్చి ఐదు రోజులు ఆగింది. ఈసారి రెండు రోజుల ముందే వెళ్ళి చెప్పాడు. ప్లాను మారడం వేరు, మాట తప్పడం వేరు. పౌలు కూడా కొరింథుకు వస్తానన్న ప్రయాణం మార్చుకుని నిలకడ లేనివాడని మాటపడ్డాడు; రెండో పత్రిక మొదట్లో కూర్చుని కారణం వివరంగా రాశాడు, ఫోన్ స్విచాఫ్ చేయలేదు.

స్లాబు సంగతి ఇంకా చిక్కు. కమిటీ ముందు తమ్ముడు లేచి “యాభై వేలు నా దగ్గర లేవు, ఆ రోజూ లేవు. ఆరు వేలు తెచ్చాను. మిగతాది కొట్టేయండి” అన్నాడు. ఒక పెద్దాయన ఊరుకోలేదు. ప్రసంగి 5 తీసి చదివాడు: మ్రొక్కుకుని చెల్లించకపోవడం కంటే మ్రొక్కుకోకపోవడమే మేలు, పొరపాటున జరిగిందని దూత ఎదుట చెప్పకు. బలమైన వాక్యం, కాదనలేం. నేను లేవీయకాండం 27 చూపించాను. మ్రొక్కుకున్నవాడు నిర్ణయించిన వెల చెల్లించలేనంత బీదవాడైతే యాజకుడు అతని కలిమిని బట్టి వెల నిర్ణయించాలని అక్కడుంది. కమిటీ పదిహేను వేలకు ఒప్పుకుంది, గడువు పెట్టలేదు. పెద్దాయనకు తృప్తి కలగలేదు. ఇప్పటికీ లేదు. ఆయన పూర్తిగా తప్పని నేనూ అనలేను.

కానీ నా వాటా నేను చెప్పాలి. పాట పాడించి, కన్నీళ్ళు తెప్పించి, అందరిముందు చేతులెత్తించి, పేర్లు మైకులో చదివింది మేము. ‘కాదు’ అనలేని మనిషి చేత ‘అవును’ అనిపించడానికి ఇంతకంటే మంచి ఏర్పాటు ఉండదు. ఇప్పుడు మా దగ్గర చేతులెత్తించడం లేదు. కవర్ ఇస్తాం, ఇంటికి తీసుకెళ్ళి భార్యాభర్తలు మాట్లాడుకుని తెస్తారు. కానుకలు తగ్గాయి. తగ్గాయనే రాస్తున్నాను.

కొడుకు

ఇక్కడ నేను ఒకటే చెప్పాను: మూడు నెలలు వాడికి ఏ మాటా ఇవ్వకు. చెప్పకుండా చెయ్యి.

ఒక శనివారం మధ్యాహ్నం చెప్పాపెట్టకుండా స్కూలు గేటు దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. పిల్లాడు బయటికొచ్చి తండ్రిని చూసి పరిగెత్తుకొచ్చాడు. ముఖంలో రంగు లేదు. “ఏమైంది డాడీ? అమ్మకేమన్నా అయిందా?”

ఇది చెప్పేటప్పుడే తమ్ముడు నా ముందు మొదటిసారి ఏడ్చాడు.

ఇప్పుడు

మాట నిలబెట్టుకున్నాను, దేవుడు రెండింతలు ఇచ్చాడు అని మన సాక్ష్యాల్లో ఒక ముగింపు ఉంటుంది. ఇక్కడ అలాంటిది లేదు. తేదీ దూరంగా చెప్పడం మొదలుపెట్టాక వచ్చినవాళ్ళలో చాలామంది వేరేవాళ్ళ దగ్గరికి వెళ్ళిపోయారు. ముగ్గురు పనివాళ్ళలో ఒకణ్ణి మాన్పించాల్సి వచ్చింది. పద్నాలుగు బాకీల్లో తొమ్మిది తీరాయి. భార్య నమ్మకం ఇంకా పూర్తిగా రాలేదు. “చూస్తున్నా అయ్యగారూ” అంటుంది, ఆమె ‘చూస్తున్నా’ అంటే నిజంగా చూస్తోందని అర్థం. ఈ ఏడాది వాగ్దాన కార్డు మాత్రం తీసుకుంది. ఎక్కడ అంటించిందో నేను అడగలేదు.

పోయిన నెల మా ఇంట్లో బీరువా తలుపు హింజ్ ఊడింది. కౌన్సెలింగ్‌కి వచ్చేవాళ్ళ చేత ఇంటిపని చేయించుకోకూడదని నాకు తెలుసు. మా ఆవిడ నాకు చెప్పకుండా తమ్ముడికి ఫోన్ చేసింది. “ఈ నెల కుదరదు అమ్మగారూ. వచ్చే నెల కూడా చెప్పలేను. కావాలంటే వేరే కార్పెంటర్ నంబర్ ఇస్తా” అన్నాడట.

నాకు చెప్పలేనంత కోపం వచ్చింది. ఇన్ని శనివారాలు వాడితో కూర్చుంటే పాస్టర్ ఇంట్లో ఒక్క హింజ్ బిగించడానికి టైమ్ లేదా అనిపించింది. ఆ మాట పైకే అన్నాను కూడా. మా ఆవిడ నావైపు ఒక చూపు చూసింది. కాసేపు పేపర్ తిరగేసి, నంబర్ తీసుకున్నావా అని అడిగాను.

“తీసుకున్నా. మాట్లాడా. అతను రేపే వస్తాడట, పక్కా అన్నాడు.”

బీరువా తలుపు ఇంకా తాడుతోనే కట్టి ఉంది.